కాకి లెక్కలు

పిల్లలకు పక్షుల మీద ఆసక్తి కలగాలంటే మొదట పక్షుల పుస్తకాన్ని వాళ్ళకు అందని అటక మీద పెట్టాలి. తరవాత ఇంట్లో పెద్దవాళ్ళు నోరు మూసుకోవాలి. మొదటిది కొంచెం కష్టపడితే అవుతుంది. రెండోది మా వంశంలో ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

మాది ఎలవూరు. చెన్నై నుంచి గూడూరు పోయే రైలు దారిలో గుమ్మిడిపూండి దాటగానే వచ్చే స్టేషను. మా ఊరిపేరు విననివాళ్ళు కూడా మా చెక్‌పోస్టు పేరు వినుంటారు, లారీ తోలినవాళ్ళయితే తిట్టుకుని కూడా ఉంటారు. జిల్లా తిరువళ్ళూరు, బోర్డులన్నీ తమిళం, ఇంట్లో తెలుగు, గొడవొస్తే రెండూ. ఇంటి వెనక దొడ్డి ఉంది. అందులో ఒక వేప, ఒక మునగ, ఒక జామ, నాలుగు కొబ్బరి చెట్లు, నీళ్ళున్నన్నాళ్ళు ఒక బావి, మా ఆవిడ వంగమడి ఉన్నాయి. సెలవులిస్తే చాలు, మనవరాలూ మనవడూ చెన్నై ఫ్లాటు నుంచి ఇక్కడ దిగుతారు. ఆమె మూడో తరగతి, వాడు యూకేజీ. దింపేటప్పుడు మా అమ్మాయి చెప్పేది ఒకటే: "నాయనా, వీళ్ళకు ఫోను ఇవ్వబాక. ఏదన్నా చూపించు."

ఏదన్నా అంటే ఏం చూపిస్తాం? పిట్టల్ని చూపిస్తాం. పక్షుల్ని చూడమని పిల్లల్ని పోరేవాళ్ళలో చాలామందికి పక్షుల మీద ప్రేమ ఉండదు, ఫోను మీద కోపం ఉంటుంది. పిల్లలు ఆ సంగతి ఇట్టే కనిపెడతారు. పిట్ట అనేది ఫోనుకు బదులు ఇచ్చే మందు అని తెలిశాక, ఏ పిల్లాడు నోరు తెరుస్తాడు?

అందరూ చేసేదే మేమూ చేశాం, రాజహంసలతో మొదలుపెట్టాం. పులికాట్ సరస్సు మాకు పొరుగే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు నడిమధ్యలోంచి పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు మీద కారు ఆపితే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. 2025 జనవరి 18 నుంచి 20 దాకా సూళ్ళూరుపేటలో వాటి పేరు మీద పండగే చేశారు. ఇంత పేరున్న పక్షిని చూపిస్తే పిల్లలు పడిపోతారనుకున్నాం. నేను కారులోనే మొదలుపెట్టాను. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి తింటుందనీ, దాని ముక్కులో జల్లెడ ఉంటుందనీ, ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదనీ, తినే నాచులోంచీ సన్న రొయ్యల్లోంచీ ఒంటికి పడుతుందనీ, పిల్లప్పుడు అది బూడిదరంగులో ఉంటుందనీ చెప్పుకుంటూ పోయాను. తడ దాటేసరికి మనవడు నిద్రపోయాడు. మనవరాలు మర్యాదస్తురాలు, కళ్ళు తెరుచుకుని నిద్రపోయింది.

సరస్సు దగ్గర దిగాం. ఎక్కడో దూరాన, నీళ్ళ మీద లేత గులాబీ గీత.

"అదిగో."

"యాడ తాతా?"

"ఆ గీతే."

"గీత కదలదా?"

కదులుతుందనే చెప్పాను. అది మాత్రం నా మాట నిలబెట్టలేదు. అంతలో రోడ్డు పక్కనున్న తినుబండారాల బండి మీది నుంచి ఒక కాకి దిగింది. మనవడి చేతిలో సగం తిన్న మురుకు ఉంది. కాకి రెండడుగులు నడిచింది, ఆగింది, పక్కకు చూసింది, నీతో నాకేం పని అన్నట్టు అటు తిరిగింది, వాడు నవ్వేలోపల మురుకు దానిదైంది. అంతే, రాజహంసలు తుడుచుకుపోయాయి. ఇంటికొచ్చేదాకా ఆ దొంగ గురించే. వాడు కాకి ఎట్లా నడిచిందో నడిచి చూపించాడు, అక్క ఎట్లా పక్కకు చూసిందో చూసి చూపించింది. మా అమ్మాయి ఫోన్ చేసి "ఏం చూశార్రా?" అంటే ఇద్దరూ ఒక్కసారే "కాకిని!" అన్నారు. అవతల కాసేపు మాట లేదు. కారు బాడుగ ఎంతైందో ఆమెకు తెలుసు.

నేలపట్టులో మాత్రం కొంచెం పరువు దక్కింది. అక్కడ గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్ళు పెట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. పిల్ల తన తలంతా తల్లి నోటి సంచిలోకి దూర్చి తిండి లాక్కుంటుంది. ఇది మావాళ్ళకు బాగా నచ్చింది. ఆ రాత్రి పెరుగన్నం దగ్గర ఇద్దరూ అవ్వ మీద ఆ పద్ధతి ప్రయోగించబోయారు గనక, నేలపట్టు గురించి మా ఇంట్లో ఇక మాట్లాడం.

నాకు అర్థమైంది ఏమిటంటే, పెద్దవాళ్ళకు అరుదైన పక్షి కావాలి, పిల్లలకు అల్లరి పక్షి కావాలి. అరుదైనదానికి కారు కావాలి, తెల్లవారుజామున లేవాలి, నిశ్శబ్దంగా ఉండాలి. అల్లరిది మన గోడ మీదే ఉంది, మనకన్నా ముందే లేచింది, నిశ్శబ్దం దానికే పడదు.

మా ఆవిడ రోజూ పొద్దున వండిన అన్నంలో మొదటి ముద్ద గోడ మీద పెడుతుంది. ఇది మా వైపు తెలుగువాళ్ళూ తమిళులూ అందరూ చేసేదే. కాకి వచ్చి తింటే పెద్దలు తిన్నట్టు లెక్క. మనవరాలు అడిగింది: "ఏ పెద్దలవ్వా?" "మీ తాత వాళ్ళ నాయన" అంది మా ఆవిడ, పొయ్యి మీద పోపు మాడుతుంటే ఆలోచించకుండా.

మా నాయన ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. చేతికంటిన మెతుకు కాకి పాలవుతుందేమోనని ఆయన భయం. అలాంటాయన కాకిగా వచ్చి నా గోడ మీద నా అన్నం తింటున్నాడంటే నాకే కొంచెం తృప్తిగా అనిపించింది. పిల్లలు మాత్రం విషయాన్ని సీరియస్‌గా తీసుకున్నారు. గోడ మీద ఆరు కాకులున్నాయి, ముత్తాత ఒక్కడే. వీటిలో ఎవరు? హాల్లో మా నాయన ఫొటో ఉంది, మెడకు బూడిదరంగు మఫ్లరు చుట్టుకుని ఉంటాడు. మనవరాలు స్టూలేసుకుని ఆ ఫొటో చూసింది, దొడ్లోకి పోయి కాకుల్ని చూసింది. మళ్ళీ ఫొటో, మళ్ళీ కాకులు.

"తాతా, మెడ కాడ బూడిదరంగు ఉండేటివన్నీ మన పక్క. అంతా నల్లగా ఉండే పెద్ద కాకి వేరే."

ఊరకాకికి మెడ, రొమ్ము బూడిదరంగు. బొంతకాకి నిలువెల్లా నలుపు, ఒళ్ళు పెద్దది, ముక్కు లావు, గొంతు బొంగురు. పుస్తకంలో ఈ తేడా చెప్పడానికి ఒక పేజీ, రెండు బొమ్మలు పట్టింది. ఈ పిల్ల ఒక మఫ్లరుతో తేల్చేసింది. నేను ఆనందం పట్టలేక "మరి ఆ నల్లది ఎవరి పక్క?" అన్నాను. అనకూడని మాట. మనవడు తడుముకోకుండా, "అవ్వ పక్క. ముక్కు చూడు!" అన్నాడు.

ఆ పూట మాకు పోపు లేని పప్పు. కానీ ఆనాటి నుంచి ఇద్దరు పిల్లలూ ఎంత దూరాన కాకి కనిపించినా, మా పక్కదో అవ్వ పక్కదో రెక్క విప్పేలోపల చెప్పేస్తారు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికీ నెమలికీ పెద్దపీట వేసి, కాకిని తీసుకుపోయి ఐదో షెడ్యూల్లో ఎలుకల పక్కన, పళ్ళు తినే గబ్బిలాల పక్కన కూచోబెట్టింది. అంటే చీడ. చంపినా అడిగేవాళ్ళు లేరు. 2022 సవరణలో ఆ షెడ్యూలునే ఎత్తేశారు. నేనీ సంగతి చెప్పగానే మా ఆవిడ, "అంటే ఇన్నేళ్ళూ మీ నాయన సర్కారు లెక్కలో ఎలకా?" అంది. ముక్కు మాట ఆమె మర్చిపోలేదు.

ఎండాకాలంలో కథ ముదిరింది. ఒకనాడు ఉతికిన పంచె ఆరేద్దామని వేపచెట్టు కింద నుంచి పోతుంటే వెనక నుంచి వచ్చి కాకి నా తల మీద తన్నింది. నా తల మీద అడ్డం ఏమీ లేదు, ఆ తన్ను నేరుగా నాకే తగిలింది. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "అయ్యో, శనేశ్వరుడు!" అంది. తలకు నీళ్ళు పోసుకోవాలంది, శనివారం నువ్వులన్నం పెట్టాలంది, వీలైతే తిరునళ్ళారు పోయి రావాలంది. నేను నీళ్ళు పోసుకుని వచ్చేసరికి మనవరాలు గోడ వారన కూచుని కాయితం మీద ఏదో గీస్తోంది. దొడ్డి పటం. ఎక్కడ పోతే కాకి తంతుందో అక్కడ ఇంటూ గుర్తు. నన్ను ఆ పటం ప్రకారం నడిపించారు. జామ దగ్గర తన్నలేదు. బావి దగ్గర తన్నలేదు. వేప దగ్గర తన్నింది. పరిశోధన పూర్తయ్యేదాకా తంతూనే ఉంది.

వేప మీద గూడుంది. కింద కరివేపాకు మొక్క చాటున తోక ఇంకా సరిగ్గా పెరగని పిల్లకాకి నోరు తెరుచుకుని కూచుని ఉంది, నోరంతా ఎర్రగా. గూడు దిగిన పిల్ల ఎగరడం నేర్చేదాకా తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి, ఆ దారిన పోయేవాణ్ణి తంతాయి. "శనేశ్వరుడికి పిల్లలుంటారా అవ్వా?" అని అడిగాడు మనవడు. అవ్వ తిరునళ్ళారు ప్రయాణం మానుకోలేదు, వాయిదా వేసింది. నేను కొన్నాళ్ళు గొడుగు వేసుకుని బట్టలారేశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టు వాడు నన్ను చూసి ఏమనుకున్నాడో నాకు తెలుసు, వాడు అన్నాడు గనక.

కాకికి మనుషుల మొహాలు గుర్తుంటాయి, ఇది నిజం. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్లఫ్ అనే ప్రొఫెసరు బృందం ఆదిమానవుడి ముసుగులు వేసుకుని కొన్ని కాకుల్ని పట్టి, కాళ్ళకు కడియాలు తొడిగి వదిలేసింది. తరవాత ఏళ్ళ తరబడి ఆ ముసుగు కనిపిస్తే చాలు, కాకులు మీద పడి అరిచాయి. పట్టుబడని కాకులు కూడా అరిచాయి, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుని. ఈ కథ చెప్పడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువైంది. మనవడు తనూ పరిశోధన చేస్తానన్నాడు. కాకికి కోపం తాత మొహం మీదా, తాత బట్టతల మీదా? తేల్చడానికి వాడు అవ్వ స్టీలుగిన్నె తల మీద బోర్లించుకుని వేపచెట్టు కిందికి పోయాడు. కాకి గిన్నెను కూడా తన్నింది. ఠంగున మోగింది. వాడి నిర్ణయం: మొహంతో పని లేదు, మెరిస్తే చాలు. మార్జ్లఫ్ గారు ఒప్పుకోరు. మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

కాకి వచ్చాక కోయిల రాక తప్పదు. కోయిల గుడ్డు కాకి గూట్లో పెడుతుందని పుస్తకాల్లో అందరూ చదువుతారు. కానీ నలుపు మీద ఎర్రకన్నున్నదే మగ కోయిల అనీ, 'కూ' అని ఊరంతా వినపడేట్టు పాడేది అదేననీ, ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఆకుల్లో నక్కి 'కిక్ కిక్' అంటుందనీ పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఇదంతా నేను వివరిస్తుంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ వింటోంది.

"గుడ్డు పెట్టేది ఆడది. పొదిగేది కాకి. మేపేది కాకి. మరి ఆ మగోడు ఏం చేస్తాడు?"

"పాడతాడు" అంది మనవరాలు.

మా ఆవిడ బియ్యంలోంచి తలెత్తి నా వైపు చూసింది. నాకు పొద్దున్నే పడక్కుర్చీలో కూచుని ఘంటసాల పాటలు పాడుకునే అలవాటుంది. మగ కోయిల ఊరికే పాడదనీ, కాకిని రెచ్చగొట్టి గూటికి దూరంగా లాక్కుపోయి ఆడదానికి దారి చేస్తుందనీ చెప్పబోయాను. ఆ సమయంలో అది కోయిల తరఫు వాదనగా వినిపించదనిపించి ఊరుకున్నాను.

పరికరాల గురించి ఎవరైనా అడుగుతారు గనక చెబుతున్నాను. మా అల్లుడు మంచి బైనాక్యులర్స్ కొనిచ్చాడు, ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, 42 మిల్లీమీటర్ల అద్దాలు. చేతిలో పట్టుకుంటే మనవడు ముందుకు తూలతాడు. ఆ వయసు పిల్లలకు అందులో పిట్ట దొరకదు. దొరికేసరికి పిట్ట ఉండదు. వాడు దాన్ని తిరగేసి చూసి, అవ్వ వంటింట్లో అగ్గిపెట్టెంత కనిపిస్తోందని మురిసిపోయాడు. అదొక్కటే దానివల్ల ఒరిగింది. తరవాత వాళ్ళే పాత నోటుబుక్కు అట్టలు చుట్టి రెండు గొట్టాలు చేసుకున్నారు. అందులో అద్దం లేదు, ఏదీ పెద్దగా కనిపించదు. కానీ గొట్టం కంటికి పెట్టుకున్నవాడు ఒక్క చోటే చూడాలి. పిట్టల్ని చూడటంలో ఉన్న విద్యంతా అదే, మిగతాది ఖర్చు.

మెర్లిన్ అని అమెరికాలోని కార్నెల్ వాళ్ళ యాప్ ఒకటుంది. కూత వినిపిస్తే ఏ పిట్టో చెబుతుంది. చాలా మంచిది. మా దొడ్లో దాన్ని తెరిస్తే మొదట హైవే మీద లారీల ఎయిర్ హారన్లు విన్నది, తరవాత మా ఆవిడ పాలవాడితో మాట్లాడటం విన్నది, ఏ పేరూ చెప్పలేక ఊరుకుంది. మూడోనాటికి మనవరాలు కోయిలలా తానే కూసి యాప్‌ను మోసం చెయ్యడానికి చూస్తోంది, మనవడు దానికి అడ్డొస్తూ బర్రె గొంతుతో అరుస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఫోను. ఏ ఫోను మాన్పించడానికి పిట్టల్ని పిలిచామో, పిట్టల పేరు చెప్పుకుని అదే దొడ్డిదారిన దొడ్లోకొచ్చింది. మళ్ళీ బీరువాలో పెట్టేశాం.

పేర్లు చెప్పలేకపోతే ఎట్లా అని చాలామంది భయపడతారు. ఏం కాదు. మావాళ్ళు పెట్టుకున్న పేర్లు నాకు పుస్తకంలోవాటికన్నా బాగున్నాయి. బురద రంగులో, పచ్చముక్కుతో ఏడెనిమిది కలిసి తిరిగే పిట్టలుంటాయి. నేల మీద గెంతుతూ ఆకులు తిరగేస్తాయి. ఒకటి పైన కూచుని కాపలా కాస్తుంది. ఒకటి అరిస్తే అన్నీ అరుస్తాయి. పెళ్ళికి వచ్చిన చుట్టాలలాగా అన్నీ కలిసి తింటాయి, కలిసి స్నానం చేస్తాయి, ఎందుకో తెలియకుండా కలిసి కొట్లాడుకుంటాయి. పిల్లలు వాటికి పెళ్ళివాళ్ళు అని పేరు పెట్టారు. చీలిన తోకతో కరెంటు తీగ మీద కూచుని, తనకన్నా ఎన్నోరెట్లు పెద్ద కాకినీ గద్దనూ తరిమే నల్లపిట్టకు మా వైపు పసుల పోలిగాడని పేరు. అది మారిస్తే పాపం, మార్చలేదు. చెరువు గట్టున కదలక నిలబడే గుడ్డికొంగకు మనవడు కళ్ళజోడు గీశాడు. అది గుడ్డిది కాదురా, ఎగిరినప్పుడు చూడు, లోపల రెక్కలు తెల్లగా మెరుస్తాయి అని చెబితే, "గుడ్డిదానికి తెల్లరెక్కలుండకూడదా?" అన్నాడు. తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

ఈ తెలుగు పేర్లు మనకు మిగలడంలో ఒక ఇంగ్లీషు డాక్టరు చెయ్యి ఉంది. థామస్ జెర్డన్ అని, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. రోగుల్ని ఎంత శ్రద్ధగా చూశాడో గానీ, పిట్టల్ని మాత్రం చాలా శ్రద్ధగా చూశాడు. చుట్టుపక్కల యానాదుల్ని అడిగి పక్షుల గురించి, పాముల గురించి తెలుసుకున్నాడు. 1862 నుంచి 64 దాకా వచ్చిన అతని భారతదేశపు పక్షుల పుస్తకంలో పక్షి పక్కన తెలుగు పేరు కూడా అచ్చయింది. మన కలివికోడి 1848లో శాస్త్రలోకానికి తెలిసిందీ అతని వల్లే. ఆ తరవాత అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. అప్పుడు కూడా దాన్ని పట్టుకొచ్చి చూపించింది ప్రొఫెసర్లు కాదు, ఆ అడవిలో తిరిగే స్థానికుడు. మా ఇంటికి కొబ్బరికాయలు దింపడానికి వచ్చే యానాది పెద్దాయన ఉన్నాడు. చెట్టు మీద నుంచే గోరింక కూత కూస్తాడు, గోరింకలు జవాబు చెబుతాయి. ఆయన వచ్చిన రోజు పిల్లలు నన్ను తాతా అని కూడా పిలవరు. ఆయన ఏదీ వివరించడు, అదీ కిటుకు.

నీతికథలు కూడా వద్దు. నేను సలీం అలీ కథ చెప్పి అనుభవించాను. 1896లో పుట్టిన ఆ మహానుభావుడు చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. గొంతు దగ్గర పసుపుమచ్చ ఉంది, మామూలు పిచ్చుకలా లేదు. అదేమిటో కనుక్కోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకుపోయాడు. అక్కడ కార్యదర్శి మిలర్డ్ దొరగారు అరలు తెరిచి పక్షుల నమూనాలు చూపించారు. ఆ పిల్లాడే పెద్దయ్యాక భారతదేశపు పక్షుల మనిషి అయ్యాడు. ఇదంతా గంభీరంగా చెప్పి, ఇప్పుడు మీకేం అర్థమైందర్రా అని అడిగాను.

"మాకు ఎయిర్‌గన్ కావాలి" అన్నాడు మనవడు.

1972 చట్టం చెప్పాను, జైలు అన్నాను. "సలీం అలీ జైలుకు పోయినాడా?" అంది మనవరాలు. పద్మవిభూషణ్ ఇచ్చారని చెప్పడం ఆ ఘడియలో భావ్యం కాదనిపించింది.

నేను ఏమీ చెప్పకుండా జరిగినదే బాగా జరిగింది. ఒకనాడు మా ఆవిడ వంకాయలు కోస్తుంటే పిల్లలు వెంట ఉన్నారు. ఒక ఆకు పొట్లం కట్టినట్టుంది. అంచులకు చిన్న చిన్న బెజ్జాలు, వాటిలోంచి దూది పోగులు, సాలెగూడు దారం. దర్జీపిట్ట గూడు. మన బొటనవేలికన్నా కొంచెం పెద్ద పిట్ట, ముక్కుతో ఆకుకు బెజ్జం చేసి, పోగు దూర్చి, రెండంచులూ కలిపి కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టుకుంటుంది. గొంతు మాత్రం చెక్‌పోస్టు దాకా వినపడుతుంది. ఎంతో కాలంగా రోజూ పొద్దున్నే అరుస్తున్నది ఇదేనని నాకూ ఆనాడే తెలిసింది. మా ఆవిడ ఆ మొక్క వంకాయలు కోయడం మానేసింది. మనవరాలు దర్జీపిట్టకు సాయంగా మా మంచి దిండు చింపి, దూదంతా తీసి కంచె మీద పెట్టింది. అది ఒక్క పోగు తీసుకుంది. మిగతాది గాలికి పోయి మా పక్కింటివాళ్ళ వడియాల మీద పడింది. పక్కింటామె వచ్చి అరిచి పోయింది. పిల్లలు ఆమెకూ ఒక పేరు పెట్టారు గానీ అది ఇక్కడ రాయను.

ఇక లెక్కలు. 1979లో బ్రిటన్‌లో పిల్లల కోసం మొదలైన ఇంటితోట పక్షుల లెక్క ఒకటుంది. ఇప్పుడు అక్కడ పెద్దలూ లక్షల్లో కూచుంటారు. దానిలో ఒక మంచి నియమం ఉంది: వచ్చినదాన్ని వచ్చినట్టల్లా కలపకూడదు, ఒక్కసారిగా కళ్ళ ముందు ఎక్కువలో ఎక్కువ ఎన్ని ఉన్నాయో అదే రాయాలి. ఈ నియమం తెలియక ముందు మా మనవడు ఒక్క ముత్తాతను పోయినప్పుడొకసారి, వచ్చినప్పుడొకసారి లెక్కేసి నూరు చేశాడు. వాడికి నూరు దాకానే వచ్చు, లేకపోతే ఇంకా అయ్యేవి. మనవరాలు ఆడిటు చేసి ఆరుకు దించింది. పోట్లాట జరిగింది, గొట్టాలు విరిగాయి. కానీ కాకులెన్నో తెలియాలంటే ఒకదాన్నించి ఒకదాన్ని గుర్తుపట్టాలని ఇద్దరికీ తట్టింది. కుంటికాకి ఒకటుందనీ, రెక్కలో ఈక ఊడినదొకటుందనీ అప్పుడే బయటపడింది. నేను ఇదే దొడ్లో అరవై ఏళ్ళుగా ఉన్నాను. నాకు తెలిసింది ఒకటే, కాకులున్నాయని.

మన దగ్గర తమిళనాట 2015 నుంచి సంక్రాంతి రోజుల్లో పొంగల్ పక్షుల లెక్క జరుగుతోంది. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులపాటు పెరటి పక్షుల్ని లెక్కపెడుతుంది. రెండిటికీ ఈబర్డ్ అనే వెబ్‌సైటులోనో యాప్‌లోనో రాయాలి. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూచుని చూడాలి, కనిపించిన ప్రతి జాతినీ ఎన్నున్నాయో అన్నీ వెయ్యాలి. రుసుము లేదు, పరీక్ష లేదు. పెద్దవాళ్ళు పాలపిట్ట కనిపిస్తే పరుగెత్తుకొచ్చి రాస్తారు, కాకిని రాయడానికి చెయ్యి రాదు, దాన్నేం రాస్తాంలే అంటారు. పిల్లలకు ఆ బుద్ధి ఇంకా పుట్టలేదు.

ఈ సంక్రాంతికి మీ పిల్లలు ఊరికొస్తే పదిహేను నిమిషాలు దొడ్లో కూచోబెట్టండి, మీరు మాట్లాడకండి, కాకుల్ని మాత్రం వదలకుండా రాయించండి. గోడ మీద వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలకు మించకుండా నీళ్ళు పెట్టండి, పిల్లికి అందకుండా చూడండి. ఆ నీళ్ళు రోజూ పారబోసి కడగండి. లేకపోతే దోమలు పెరుగుతాయి, వాటినెంత లెక్కపెట్టినా ఈబర్డ్ వాళ్ళు ఒప్పుకోరు.